ఆగకుండా ముప్పై రోజులు

ఫిబ్రవరి 2

బావమరిదికి,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ అంతే అనుకుంటాను.

మీ అక్క సర్వరు పడిపోతోంది. డిసెంబరు నుంచి ఇప్పటికి ఏడుసార్లు. ముందు ఏ హెచ్చరికా ఉండదు. నడుస్తూ నడుస్తూ ఆరిపోతుంది. బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. నా క్లాసులో చివరి బెంచీవాళ్లు ఇలాగే ఉండేవాళ్లు.

నీకు తెలిసిందే, అయినా విషయమంతా ఒకచోట ఉండటం మంచిది. ముప్పై నాలుగు టైలరు షాపులు దాని మీద ఆధారపడ్డాయి. మనిషి కొలతలు పంపితే, ఏ ముక్క ఎక్కడ కత్తిరించాలో, గుడ్డ వృథా పోకుండా గీసి పంపుతుంది. మీ అక్కలాంటి లెక్కల టీచరు తయారుచేసిన ప్రోగ్రాము కనక గీత తప్పదు. సర్వరు పడితే ముప్పై నాలుగు కత్తెరలు ఆగుతాయి. తర్వాత ముప్పై నాలుగు ఫోన్లు మోగుతాయి. అన్నీ నాకే.

మొన్న టైలర్ల సంఘం కార్యదర్శి వచ్చింది. మంచి మనిషి. మంచివాళ్లు చెడ్డ మాట కూడా కూర్చుని, నీళ్లు తాగి, మెల్లగా చెప్తారు. "సార్, మేడమ్ అంటే మాకు గౌరవం. కానీ గౌరవంతో చొక్కాలు కుట్టలేం కదా" అంది. బళ్లు తెరిచే ముందు యూనిఫారాల పని మీద పడుతుంది వాళ్లకి. మే ఇరవైన సంఘం సమావేశం. ఆ రోజుకి సర్వరు ముప్పై రోజులు ఆగకుండా నడిచి ఉండాలి. లేదంటే అందరూ ఏదో కంపెనీకి మారిపోతారు. మీ అక్క ఏడేళ్ల పనికి నేను స్విచ్చి తీసేసి, ఆ గదికి తాళం వేసుకోవచ్చు.

ఆ తాళం నేను వేయను. ఏం చేయాలో రాయి.

ఫోను చేయకు. ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, తర్వాత ఇద్దరం ఒకేసారి ఊరుకుంటాం. ఆమె పోయిన అక్టోబరు నుంచీ అదే తంతు. ఉత్తరమైతే ఒకరి తర్వాత ఒకరు.

ఇంకో సంగతి. సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్నాను. ఒక చిరుగు కుట్టాను. నలభై మూడు కుట్లు పట్టాయి. నాలుగు నెలల ముందు నేర్చుకుని ఉంటే, మీ అక్కకి నన్ను అనడానికి ఒక మాట తగ్గేది.

మీ బావ


ఫిబ్రవరి 8

బావగారికి నమస్కారాలు.

నేను ఊరు వదిలిన ఈ పదిహేనేళ్లలో మీరు నాకు రాసిన మొదటి ఉత్తరం ఒక యంత్రం ఒంట్లో నలతగా ఉందని. ఆ యంత్రానికి నా కృతజ్ఞతలు చెప్పండి.

మీరు సూది పట్టారన్న ముక్క రెండుసార్లు చదివాను. ఏ చొక్కా చేసుకున్న పాపమో! అక్క ఉండగా ఆ ఇంట్లో సూది మీ చేతికి అందనిచ్చేదా? రేడియోకి తొడుగు, టీవీకి తొడుగు, నా సైకిలు సీటుకి తొడుగు, తొడుగులు దాచే పెట్టెకి ఇంకో తొడుగు. ఇక గోడలకి కొలతలు తీస్తుందేమోనని భయపడే నేను ఇంత దూరంలో ఉద్యోగం వెతుక్కున్నాను. సర్వరుకి కుట్టిన నీలం తొడుగు ఇంకా ఉందా?

సరే, పని. ఇక్కడ ఆస్పత్రిలో అరవై సర్వర్లని సాకుతున్నాను. డాక్టర్ల మధ్య తిరుగుతున్నాను కనక వాళ్ల పద్ధతే, ముందు ప్రశ్నలు. మొదటిసారి ఎప్పుడు పడింది? దానికి సరిగ్గా ముందు ఏం మారింది? సర్వరు తనంతట తాను చెడదు బావగారూ. ఎవరో ఒకరు ఏదో కదుపుతారు, తర్వాత "నేనేం ముట్టుకోలేదు" అంటారు. నా ఇరవై ఏళ్ల అనుభవంలో, ఆ మాట అందరికంటే ముందు అన్నవాడే ముట్టుకున్నవాడు.

గది వేడిగా ఉంటుందా? వెనక గాలి పోయే చోటుందా? సర్వరు తను చేసే ప్రతి పనీ రాసుకునే చిట్టా ఒకటుంటుంది, పడే ముందు అందులో చివరి వరసలేమున్నాయో చేత్తో రాసి పంపండి. బోర్డు తన వేడి సంగతులు విడిగా ఇంకో చిట్టాలో రాసుకుంటుంది, అదీ చూడండి. మా పెద్దాయనైతే ఇవేవీ అడగడు. "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా?" అంటాడు. ఆ ఒక్క వాక్యం మీద ఆయన మూడు ప్రమోషన్లు తెచ్చుకున్నాడు.

మీ ఒక్కగానొక్క బావమరిది


ఫిబ్రవరి 14

బావమరిదికి,

జవాబులు.

మొదటిసారి డిసెంబరు మూడున పడింది. దానికి ముందు ఏం మారిందని అడిగావు. మీ అక్క పోయింది. అంతకంటే ఏం మారాలి?

నేనేం ముట్టుకోలేదు.

గదిలో గోడకి థర్మామీటరు తగిలించాను. ఇరవై నాలుగు డిగ్రీలు దాటలేదు. సర్వరుకీ గోడకీ మధ్య జానెడు చోటుంది, స్కేలు పెట్టి కొలిచాను. ఉష్ణప్రసారం మీద ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాత్రం చూసుకోగలను.

చిట్టా విడి కాగితం మీద రాసి పెట్టాను. చివరి వరస మధ్యలోనే తెగింది. బోర్డు చిట్టాకి పాస్‌వర్డు అడుగుతోంది. అది మీ అక్కకే తెలుసు. ఆమె పుట్టినరోజు వేశాను, మా పెళ్లిరోజు వేశాను, నాదీ నీదీ కూడా వేశాను. మనలో ఎవరమూ కాదు.

నీలం తొడుగు ఉంది. ఉతికాను కూడా. నీ సైకిలు సీటు తొడుగు కూడా ఉంది. దాని కింద సైకిలు లేదు.

పక్కింటావిడ వచ్చి "టీచరమ్మ పోయిన దిగులు పట్టుకుంది దానికి" అని తేల్చింది. దిగులు పట్టుకుంటే ఆగిపోయే సౌకర్యం యంత్రాలకే ఉంది.

మీ బావ


ఫిబ్రవరి 20

బావగారికి,

ఆ ప్రశ్న అడగాల్సింది కాదు. రోజూ అందర్నీ అడిగేదే, అలవాటులో వచ్చేసింది. ఇక అడగను.

చివరి వరస మధ్యలో తెగిందంటే, అది సర్దుకుని ఆగలేదు. ఎవరో గొంతు నొక్కినట్టు ఆగింది. నా అనుమానం పవర్ సప్లై మీద. ఏడేళ్లది. లోపల కెపాసిటర్లు విందు భోజనం చేసిన మామయ్యల్లా పొట్టలు ఉబ్బించుకుని ఉంటాయి. మార్పించండి. షాపువాడు రంగురంగుల దీపాలున్నది చూపిస్తాడు. దీపాలు మనకొద్దు. చేత్తో ఎత్తి చూడండి, పుచ్చకాయంత బరువుండాలి.

అసలు మాట ఒకటుంది, కోప్పడకుండా చదవండి. కొత్త సర్వరు కొనుక్కోండి. పవర్ సప్లైలు రెండుండాలి, ఒకటి పోతే రెండోది మోయాలి. డిస్కులు రెండు, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలో. తన తప్పు తానే దిద్దుకునే మెమరీ. ఆ రకం మనుషుల్లో ఇంకా రాలేదు గానీ యంత్రాల్లో దొరుకుతోంది. విడిభాగాలు మీ పక్కవీధిలో దొరకాలి, లేకపోతే ఎంత గొప్పదైనా షోకేసులోకే. మా గదిలో గోడ మీద ఒక సూత్రం రాసి ఉంటుంది: ఒక్కటే ఉన్నదాన్ని, అది ఎంత మంచిదైనా సరే, నమ్ముకోకూడదు.

ఉంటాను,
బావమరిది


మార్చి 3

బావమరిదికి,

పవర్ సప్లై మార్పించాను. పుచ్చకాయంత బరువుంది. రిపేరు అతను పాతది విప్పి చూపించాడు. కెపాసిటర్లు సన్నగా, ఆరోగ్యంగా ఉన్నాయి. మీ మామయ్యలెవరూ విందుకి రాలేదు.

రెండు రోజులు మూత తీసే ఉంచమన్నాడు. ఉంచాను. నిక్షేపంలా నడిచింది. మూత బిగించి, అన్నీ ఎప్పట్లా సర్దాను. మూడో రోజు మధ్యాహ్నం పడింది. మళ్లీ పిలిస్తే "పైనుంచి ఏదో తేడా వస్తోంది సార్" అన్నాడు. పైన అంటే కరెంటు స్తంభం అనుకున్నాను. ఆకాశం వైపు చూపించాడు.

నీ గోడ మీది సూత్రం చదివాను. ఒక్కటే ఉన్నదాన్ని నమ్ముకోకూడదు. బాగుంది. నాకు ఒక్కతే ఉండేది. నమ్ముకున్నాను. కాస్త ముందు చెప్పాల్సింది.

కొత్తది కొనను. ఇది మీ అక్క ఇష్టపడి తెచ్చుకున్నది. దీన్ని ఎంచినవాళ్లకి తెలివి లేదని నేను అనుకోను. ఎంచిన తెలివి ఉన్నప్పుడు బాగుచేసే తెలివి కూడా ఎక్కడో ఉండే ఉంటుంది.

మీ బావ


మార్చి 9

బావగారికి,

దీన్ని ఎంచినవాణ్ణి నేనే. అక్కతో పాటు నాలుగు షాపులు తిరిగి, ఇది తీసుకో అక్కా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అని హామీ ఇచ్చింది నేనే. ఆ సంగతి మీకు తెలుసు. తిట్టదలుచుకుంటే సూటిగా తిట్టొచ్చు కదా, ఇంత చుట్టు తిరిగి రావడం దేనికి? మీరు కాలేజీలో కూడా ఇలాగే మార్కులు తీసేసేవారని విన్నాను. కాగితం మీద "బాగుంది" అని రాసి, కింద సున్నా.

సూత్రం గురించి రాసినప్పుడు నా మనసులో డిస్కులే ఉన్నాయి. మీరు చదివేటప్పుడు ఏముంటుందో నేను ఆలోచించలేదు. అది నా తప్పే. దిద్దుకునే మెమరీ నాకూ లేదు.

ఇప్పుడు మెమరీ చూద్దాం. లోపల నాలుగు కార్డులుంటాయి, దువ్వెనల్లా నిలబడి. ఒక్కొక్కటే తీసి, రెండేసి రోజులు నడిపించండి. ఏది తీస్తే బాగుంటుందో అదే దొంగ. కార్డు చివర రాగి పళ్లని రబ్బరుతో మెల్లగా తుడవండి, పెన్సిలు రాత తుడిచినట్టు. ముట్టుకునే ముందు చెయ్యి ఇనుప పెట్టెకి ఆనించండి. నాకు పన్నెండో ఎక్కం రాక ఏడుస్తుంటే అక్క ఇలాగే చేసేది. ఒక్కో వరస తీసేసి, మిగతావి చెప్పమనేది. ఏది తీస్తే చెప్పగలిగానో అదే నా దొంగ వరస. పన్నెండు ఏడులు. ఇప్పటికీ అక్కడ ఒక క్షణం ఆగుతాను.

మీరు తెలివి లేదని అనుకోని
బావమరిది


మార్చి 24

బావమరిదికి,

నేను మీ అక్కని పొగిడాను. నువ్వు దారిన పోయే తిట్టుని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నావు. నువ్వు ఎంచావన్న సంగతి నాకు గుర్తు లేదు. చాలా సంగతులు ఆమే గుర్తుపెట్టుకునేది, నాకు ఆ పని లేకుండా.

నాలుగు కార్డులూ తీసి పెట్టి చూశాను. రబ్బరుతో తుడిచాను. ఎనిమిది రోజులు మూత తెరిచే ఉంది. ఎనిమిది రోజులూ ఒక్కసారి పడలేదు. ఏ కార్డు తీసినా బాగానే ఉంది, అన్నీ పెట్టినా బాగానే ఉంది. దొంగ లేడు. నయమైపోయిందని మూత బిగించి, మళ్లీ అంతా సర్దేశాను. మూడు రోజులకి పడింది.

ఆస్పత్రిలోనూ ఇలాగే జరిగింది. ఒక మందు తీసి ఇంకొకటి ఇచ్చేవాళ్లు. రెండు రోజులు బాగుండేది. నేను ఇంటికి వచ్చి వంటింట్లో గిన్నెలన్నీ తోమి, ఆమె వస్తుందని సర్దేవాణ్ణి. మూడో రోజు ఫోను వచ్చేది.

సంఘం కార్యదర్శి వీధిలో కనిపించి, తేదీ గుర్తు చేయలేదు. చేస్తేనే బాగుండేది. ఏప్రిల్ ఇరవై లోపు లేచి నిలబడకపోతే ముప్పై రోజులు కావు. ఆ కూడిక నాకు వచ్చు.

మీ బావ


మార్చి 30

బావగారికి,

మూత తీస్తే బాగుంటుంది, మూస్తే పడుతుంది. ఇది దిగులు కాదు, పైవాడు కాదు. వేడి. గది చల్లగా ఉండొచ్చు, పెట్టె లోపల కుంపటి. ఫ్యాన్లు అరిగిపోయి ఉంటాయి. ఇక్కడ దొరికే గట్టి ఫ్యాన్లు మూడు పార్సిల్ చేశాను. నాలుగేసి మరలు విప్పాలి, అంతే. గాలి ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి. బాణం గుర్తు ఉంటుంది, తిరగేసి బిగించకండి. లెక్చరర్లు తిరగేసి బిగించడం నేను చూశాను.

ఇంకోటి కూడా చేశాను. అడిగితే వద్దంటారని అడగలేదు. కొత్త సర్వరు ఆర్డరు పెట్టాను. వచ్చే వారం మీ గుమ్మం ముందు దిగుతుంది. రెండు పవర్ సప్లైలు, రెండు డిస్కులు, అన్నీ నేను చెప్పినట్టే. అక్క ప్రోగ్రాము దానిలోకి ఎక్కించడానికి ఒక పూట చాలు. ఇరవయ్యో తారీఖు ఇంక ఎంతో దూరం లేదు బావగారూ. పంతానికి ముప్పై రోజులు లేవు.

బావమరిది


ఏప్రిల్ 12

బావమరిదికి,

ఫ్యాన్లు అందాయి. బాణం చూసే బిగించాను. గాలి ధాటికి బల్ల మీద కాగితాలు లేచాయి. సంతోషించి, మూత వేసి, సర్దాను. అయిదు రోజులు నడిచింది. నిన్న పొద్దున్న పదకొండింటికి, ఒకే షాపు నుంచి డెబ్భై మంది పిల్లల కొలతలు వచ్చినప్పుడు, పడింది.

నీ పెట్టె కూడా వచ్చింది. వసారాలో ఉంది. విప్పలేదు. వచ్చినవాళ్లు దాని మీద చెప్పులు పెట్టకుండా చూస్తున్నాను. అంతకు మించి చేయలేను.

మీ అక్క వస్తువుల మీద నాకెంత హక్కుందో నీకూ అంత ఉంది. వాటిని మార్చేసే హక్కు ఇద్దరికీ లేదు. ఆమె పోయిన ఆరు నెలలకి ఆమె యంత్రం బదులు ఇంకో యంత్రం తెచ్చి గుమ్మంలో దింపించావు. ఈ సలహా ఇంకో విషయంలో కూడా ఇద్దరు ముగ్గురు ఇచ్చారు. వాళ్లని కూడా వసారాలోనే కూర్చోబెట్టాను.

బావ


ఏప్రిల్ 17

బావగారికి,

నేను మీకు పెళ్లి సంబంధం పంపలేదు. సర్వరు పంపాను. రెంటికీ తేడా తెలియనంత దూరం వెళ్లిపోయారు మీరు.

ఆమె యంత్రం, ఆమె యంత్రం అంటున్నారు. షాపుల చుట్టూ తిరిగింది నేను. వీపు మీద మోసుకొచ్చి, మీ వెనక గదిలో దింపి, వైర్లు కలిపింది నేను. అక్క దానికి తొడుగు కుడతానంటే, వద్దే తల్లీ, ఊపిరాడక చస్తుంది అన్నాను. వింటేనా? చివరికి ముందు వైపు తెరిచి ఉంచమని, వెనక గాలి పోయే చోట జానెడు కిటికీ వదలమని, సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీసి ఇచ్చింది కూడా నేనే. మీరు అప్పుడు పక్క గదిలో పేపరు చదువుతున్నారు. ఏడేళ్లు నిక్షేపంగా నడిచిందంటే అందులో నా వంతు కూడా కొంచెం ఉంది.

అక్టోబరులో నేను ఒక రోజు ఆలస్యంగా వచ్చాను. మీరు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఈ ఒక్క పనీ సరిగ్గా చేసి పెడదామనుకున్నాను. దాన్నీ వసారాలో కూర్చోబెట్టారు.

బావమరిది


ఏప్రిల్ 18

బావమరిదికి,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోపు ఇది రాయాలి.

ఈ పొద్దున సంఘం కార్యదర్శి వచ్చింది, వేరే కంపెనీ కాగితాలు చేతిలో పట్టుకుని. ఆ కాగితాలు నాకు కనపడకుండా పట్టుకోవడానికి చాలా కష్టపడుతోంది. చివరిసారి సర్వరు చూపించమంది. వెనక గదిలోకి తీసుకెళ్లాను. ఆమె యంత్రాన్ని చూడలేదు. తొడుగుని చూసింది. వాళ్ల చూపే అంత.

"సార్, ఇక్కడెవరు కుట్టారు ఇలా?"

"నేనే."

"మీరా! ఎందుకూ?"

"చిరిగింది. ఎలక కొట్టింది."

ఆమె వంగి, వేలితో తడిమి, నా వైపు చూసింది. నేను ఇరవై ఎనిమిదేళ్లు విద్యార్థుల వైపు చూసిన చూపు అది.

"ఎలక చుట్టూ అంచు మడిచి కుడుతుందా సార్? మూలలు చూడండి, నాలుగు మూలలా కోసి, లోపలికి తిప్పి, రెండు వరసలు కుట్టారు మేడమ్. ఇంత నీటుగా చిరిగే గుడ్డ నేనింతవరకు చూడలేదు. ఇది చిరుగు కాదు, కిటికీ."

"కిటికీ దేనికి?"

"చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. కాలింది.

నవంబరు ఆఖర్లో తొడుగు ఉతికాను. అంతకుముందు ఎప్పుడూ ఆమే ఉతికేది. తీగ మీద ఆరేస్తే వెనక పెద్ద రంధ్రం కనిపించింది. ఆమె వస్తువు నా చేతిలో పడగానే పాడైందే అనుకున్నాను. ఆమె సూదే తీసి, ఆమె కళ్లజోడే పెట్టుకుని, నలభై మూడు కుట్లు వేశాను. నేను బాగుచేశానని చెప్పుకోదగ్గ వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. డిసెంబరు మూడున సర్వరు పడింది.

మూత తీసినప్పుడల్లా తొడుగు పక్కన మడిచి పెట్టేవాణ్ణి. బాగుండేది. నయమైందని మళ్లీ తొడిగేవాణ్ణి. పవర్ సప్లై, మెమరీ, ఫ్యాన్లు, ఏవీ తప్పు చేయలేదు. నువ్వు ఫిబ్రవరిలోనే అడిగావు. నేనేం ముట్టుకోలేదని రాశాను. తొడుగు ఉతికానని కూడా ఆ ఉత్తరంలోనే రాశాను. రెండూ ఒకే ఇంకుతో.

సర్వరు ఆపి, తొడుగు తీసి, కుట్లు విప్పాను. కార్యదర్శి సాయం చేస్తానంటే వద్దన్నాను. కింద ఆమె అంచు చెక్కుచెదరకుండా ఉంది.

తొడుగు మళ్లీ వేసి, పదకొండు నలభైకి బటన్ నొక్కాను. "కాగితాలు నా సంచిలోనే ఉంటాయి సార్, మే ఇరవై దాకా" అని వెళ్లింది.

వసారాలో పెట్టె గురించి రాసిన ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. పోస్టులో వేసింది తీసుకోవడం కుదరదని తెలుసు.

బావ


ఏప్రిల్ 24

బావగారికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయాయి. ఈపాటికి నాది చదివి ఉంటారు. కిటికీ గీత గీసింది నేనని నేను గొప్పలు పోతున్న పూటకి, ఆ కిటికీ మూసింది మీరేనని ఒప్పుకుంటున్నారు. మనిద్దరి మధ్యా పోస్టువాడొక్కడే తెలివైనవాడు.

ముందు నవ్వాను. మా గదిలో అందరికీ చదివి వినిపించాను. ఉష్ణప్రసారం మీద ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పిన మా బావగారు, సర్వరుకి ఊపిరాడకుండా నలభై మూడు కుట్లు వేశారని. మా పెద్దాయన మాత్రం నవ్వలేదు. "విప్పి మళ్లీ ఆన్ చేశారా?" అన్నాడు. మొదటిసారి ఆయన మాట నిజమైంది.

తర్వాత కళ్లజోడు దగ్గర ఆగిపోయాను. పన్నెండు ఏడుల దగ్గర ఆగినట్టు.

తప్పు మీ ఒక్కరిదే కాదు. ఏం మారిందని ఎవర్నయినా మూడుసార్లు అడుగుతాను, జవాబు వచ్చేదాకా వదలను. మిమ్మల్ని ఒకసారే అడిగాను. మీరిచ్చిన జవాబు చదివాక మళ్లీ అడగడానికి చెయ్యి రాలేదు. తొడుగుకి కిటికీ ఉందని నాకు తెలుసు, కనక దాని గురించి అడగలేదు. కిటికీ అనేదొకటి ఉందని మీకు తెలియదు, కనక చెప్పలేదు. సగం నా దగ్గర, సగం మీ దగ్గర. మొత్తం అక్క దగ్గరే ఉండేది.

పెట్టె ఉండనివ్వండి. వసారాలో నీడ ఉందిగా.

మీ బావమరిది

తా.క. ఆలస్యంగా వచ్చిన సంగతికి మీరు జవాబివ్వనక్కర్లేదు.


మే 19

బావమరిదికి,

ఇస్తాను. నువ్వు రాకముందు రోజు సాయంత్రం మీ అక్క, "వాడు దారిలో సరిగ్గా తిన్నాడో లేదో" అంది. నువ్వు వచ్చే బండిలోనే ఉన్నావని ఆమెకి తెలుసు. ఆమె లెక్కలో నువ్వు ఆలస్యం కాలేదు. ఇది అప్పుడే చెప్పాల్సింది. మనం ఇద్దరం ఒకేసారి ఊరుకున్నాం కదా.

సర్వరు సంగతి. నిన్న పదకొండు నలభైకి ముప్పై రోజులు నిండాయి. మధ్యలో యూనిఫారాల పని మొదలైంది, ఒక్కరోజే తొమ్మిది వందల కొలతలు వచ్చాయి. పడలేదు. కార్యదర్శి ఫోను చేసింది. "రేపు సమావేశానికి మీరు రానక్కర్లేదు సార్. కాగితాలు చింపేశాను. ముప్పై నాలుగు షాపులూ మేడమ్ దగ్గరే ఉంటున్నాయి" అంది. తర్వాత, "మీరు మాత్రం సూది ముట్టుకోకండి" అంది.

ముట్టుకుంటున్నాను. నీ పెట్టె విప్పాను. కొత్తది బాగుంది. దీపాలు లేవు. పాతది ఆపను. రెండూ పక్కపక్కనే నడుస్తాయి, ఒకటి పడితే ఇంకొకటి మోస్తుంది. నీ గోడ మీది సూత్రం యంత్రాల వరకు ఒప్పుకున్నాను.

కొత్తదానికి తొడుగు కావాలి. పెట్టె ఆకారానికి కటింగు ఎలా వేస్తారో చూద్దామని ఆమె ప్రోగ్రాములో పాత జాబితా తెరిచాను. చొక్కాలు, గౌన్లు, లాగూల మధ్య ఒకచోట "సర్వరు" అని ఉంది. ఏడేళ్ల కిందటి తారీఖు. కొలతల కింద ఆమె రాసుకున్న రెండు వరసలు:

"వెనక కిటికీ జానెడు. మూయకూడదు.
ఆయనకి చెప్పాలి."

చెప్పలేదేమో అని కాసేపు ఆలోచించాను. చెప్పే ఉంటుంది. నేను ఊఁ అని ఉంటాను. పేపరు మీంచి తలెత్తకుండా ఊఁ అనడంలో నాకు ముప్పై ఏళ్ల అనుభవం.

నీలం గుడ్డ దొరికింది. కొత్తదాని పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఆమె కటింగులో వేశాను. గీసి ఇచ్చింది. కిటికీ ఒక్కటే మిగిలింది. దీని గాలి వెనక నుంచి పోతుందా, పక్క నుంచా? ఎంత వదలాలి?

ఉత్తరం రాయకు. ఫోను చెయ్యి. ముందు నువ్వు మాట్లాడు. నేను వింటాను.

మీ బావ